హవాయి బొప్పాయి విత్తనం తెప్పించుకుంటే మన తోటల్లో వైరస్ ఆగుతుందా?

కోడూరు_తోట:
అందరికీ నమస్కారం. మాది రైల్వే కోడూరు వైపు. నాలుగెకరాల్లో తైవాన్ బొప్పాయి, అదే రెడ్ లేడీ, పెట్టాను. పూత దాకా బ్రహ్మాండంగా ఉంది. ఆ తర్వాత లేత ఆకులు పసుపూ పచ్చా కలగలిసి సన్నగా చీలికల్లా అయిపోయాయి, కాడల మీద నూనె కారినట్టు చారలు, కాయల మీద గుండ్రటి ఉంగరాల మచ్చలు. మందుల షాపులో పేనుబంక మందు ఇచ్చారు, కొట్టాను, ఇంకోటి ఇచ్చారు, అదీ కొట్టాను, డబ్బులు పోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. హవాయిలో జన్యువు మార్చిన బొప్పాయి ఉందట, దానికి ఈ వైరస్ అస్సలు రాదట. వాడు సంక్రాంతికి వచ్చేటప్పుడు గుప్పెడు విత్తనాలు బ్యాగులో వేసుకొస్తే నా తిప్పలు తీరతాయి కదా అని ఆశ. తెలిసినవాళ్ళు చెప్పండి.

నర్సరీ_శీను:
అన్నా మీరు చెప్పిన లక్షణాలన్నీ రింగ్ స్పాట్ వైరస్‌వే. ఈ ప్రశ్న మా నర్సరీకి వచ్చేవాళ్ళు వారానికి ఒకరైనా అడుగుతారు. "వైరస్ రాని విత్తనం" అని చెప్పి మామూలు విత్తనమే రెట్టింపు రేటుకి అమ్మేవాళ్ళు తయారయ్యారు, జాగ్రత్త. మన దేశంలో జీఎం, అంటే జన్యువు మార్చిన, బొప్పాయి అమ్మడానికి ఎవరికీ అనుమతి లేదు. ఎవరైనా ఉందంటే అబద్ధమే.

హిలో_తెలుగోడు:
అన్నా, నేను ఉండేది హవాయి రాష్ట్రంలోని పెద్ద దీవిలోనే, హిలో పట్నంలో. ఇక్కడ మార్కెట్లో దొరికే బొప్పాయిలో ఎక్కువ భాగం రెయిన్‌బో అనే రకం, మీ మేనల్లుడు చెప్పింది దాని గురించే. కథ కొంచెం పెద్దది, ఓపికుంటే చదవండి.

ఈ వైరస్ ఇక్కడ ముందు ఓహూ దీవిలో వచ్చింది, 1940లలో. అక్కడి తోటలు దెబ్బతిని బొప్పాయి సాగంతా 1950లు, 60లలో మా దీవిలోని పూనా అనే ప్రాంతానికి మారింది. తర్వాత ఎన్నో ఏళ్ళు బాగానే ఉంది. రాష్ట్రం మొత్తం బొప్పాయిలో 95 శాతం పూనాలోనే పండేది. పక్కనే, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న హిలోలో వైరస్ ఉంది కానీ, వ్యవసాయ శాఖ వాళ్ళు పెరటి చెట్లు కూడా వదలకుండా వెతికి నరికేస్తూ ఆపుకుంటూ వచ్చారు. 1992 మేలో పూనాలోకి వచ్చేసింది. రెండేళ్ళు పోయాక, ఇక నరికి లాభం లేదని అధికారులే చేతులెత్తేశారు. 1992లో పూనాలో 5.3 కోట్ల పౌండ్ల కాయ పండితే 1998కి సగం అయింది, సుమారు 2.6 కోట్లు.

అదృష్టం ఏమిటంటే డెన్నిస్ గొన్‌సాల్వెస్ అనే శాస్త్రవేత్త, కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసేవాడు కానీ పుట్టింది ఈ దీవిలోనే, పూనాకి ఎప్పటికైనా ముప్పు తప్పదని 1980ల మధ్యలోనే పని మొదలుపెట్టాడు. హవాయి యూనివర్సిటీ నుంచి రిచర్డ్ మ్యాన్‌షార్ట్, ఇంకా మొరీన్ ఫిచ్, జెర్రీ స్లైటమ్ కలిశారు. వాళ్ళ మొక్కలు ఓహూలో పొలం పరీక్షకి వెళ్ళింది 1992 ఏప్రిల్‌లో. పూనాలో వైరస్ దొరకడానికి సరిగ్గా నెల ముందు! 1998 మే 1న రైతులకి విత్తనం ఇచ్చారు, అదీ ఉచితంగా.

కోడూరు_తోట:
ఉచితంగానా! మరి ఇంకేం తమ్ముడూ, గుప్పెడు పంపించు.

వైరాలజీ_అక్క:
ఆగండి ఆగండి. నేను మొక్కల వైరస్‌ల మీదే పరిశోధన చేస్తున్నాను కాబట్టి ఇందులో దూరుతున్నాను. చట్టం సంగతి తర్వాత, ముందు అసలు సంగతి: ఆ విత్తనం మీ తోటలో పెడితే దానికీ వైరస్ వచ్చే అవకాశమే ఎక్కువ.

ఎందుకంటే ఆ మొక్కలో పెట్టింది హవాయి వైరస్ ముక్క. వైరస్ మీద ఒక ప్రోటీన్ తొడుగు ఉంటుంది, కోట్ ప్రోటీన్ అంటాం. హవాయిలో దొరికిన వైరస్ నుంచి, అందులోనూ తీవ్రత తగ్గించిన ఒక రకం నుంచి, ఆ తొడుగు తాలూకు జన్యువు తీసుకుని, సన్నటి లోహపు రేణువులకి పూసి, జీన్ గన్‌తో సన్‌సెట్ అనే బొప్పాయి కణాల్లోకి కొట్టారు. అలా వచ్చిన మొక్కల్లో 55-1 అనే ఒక్క లైను, అంటే ఒక్క మొక్క సంతతి, నిలబడింది. దాన్ని స్థిరపరిచి సన్‌అప్ అన్నారు, అది ఎర్ర గుజ్జు రకం. పూనా రైతులకి పసుపు గుజ్జు కపోహో రకం అలవాటు, దాంతో సన్‌అప్‌ని కపోహోతో కలిపి హైబ్రిడ్ చేశారు. అదే రెయిన్‌బో.

ఈ రెయిన్‌బోని ల్యాబులో తైవాన్, థాయ్‌లాండ్ వైరస్‌లతో పరీక్షించారు. జబ్బు వచ్చింది. హవాయి వైరస్‌కి గట్టిగా నిలబడ్డ మొక్కే, బయటి వైరస్‌కి లొంగిపోయింది.

డిగ్రీ_పిల్ల:
అక్కా నేను బాపట్లలో ఏజీ బీఎస్సీ చదువుతున్నా. అంటే ఇది టీకా లాంటిదేనా? చచ్చిన వైరస్ ముక్క చూపిస్తే ఒంట్లో యాంటీబాడీలు వచ్చినట్టు?

వైరాలజీ_అక్క:
అందరూ అలాగే చెప్తారు, పరీక్షలో అలా రాస్తే మాత్రం మార్కులు పోతాయి. మొక్కకి యాంటీబాడీలు ఉండవు. మొదట్లో శాస్త్రవేత్తలు కూడా వేరేలా అనుకున్నారు. 1985లో సాన్‌ఫర్డ్, జాన్‌స్టన్ అనే ఇద్దరు, రోగకారకం జన్యువునే మొక్కలో పెడితే రోగం పని చెడగొట్టవచ్చని ఊహ చెప్పారు. 1986లో రోజర్ బీచీ బృందం పొగాకులో మొజాయిక్ వైరస్ తొడుగు జన్యువు పెట్టి అది నిజమేనని చూపించింది. మొక్క తయారుచేసే తొడుగు ప్రోటీనే లోపలికొచ్చిన వైరస్‌కి అడ్డం పడుతోందని అప్పటి లెక్క. బొప్పాయి విషయంలో తర్వాత తేలింది ఏమిటంటే, పని చేసేది ప్రోటీన్ కాదు, ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు నుంచి కణం తీసుకునే నకలు. పెట్టిన జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏని మొక్క అనుమానించి 21 నుంచి 24 అక్షరాల చిన్న ముక్కలుగా కోసేస్తుంది. ఆ ముక్కలు పట్టుకుని, అలాంటి వరుసే ఉన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ కనిపించినా నరికేస్తుంది. వైరస్ జన్యు పదార్థం కూడా ఆర్‌ఎన్‌ఏనే కాబట్టి కణంలోకి రాగానే దొరికిపోతుంది. వరుస కలవకపోతే మాత్రం దొరకదు. హవాయి, ఆసియా వైరస్‌ల మధ్య ఆ తేడా వల్లే రెయిన్‌బో ఓడిపోయింది. ఇంకోటి, సన్‌అప్‌లో ఆ జన్యువు తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ ఉంటుంది, రెయిన్‌బోకి ఒక్క వైపు నుంచే వస్తుంది. అందుకే సన్‌అప్ కాస్త ఎక్కువ రకాల వైరస్‌లని తట్టుకుంటుంది.

మన దగ్గర కష్టం ఇంకా ఎక్కువ. ఈ వైరస్‌లో వైవిధ్యం ఎక్కువగా కనిపించేది భారతదేశంలోనే. అసలు ఇది పుట్టిందే ఇక్కడ అని వంశవృక్షం అధ్యయనాలు సూచిస్తున్నాయి. బొప్పాయి అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు కదా, అది ఇక్కడికొచ్చాక దోస, గుమ్మడి జాతుల్లో తిరిగే వైరస్ దీన్ని కూడా పట్టుకుందన్నమాట. పుణెలో ఉన్నది, తమిళనాడులో ఉన్నది, కడపలో ఉన్నది అచ్చం ఒకటే అని నమ్మడానికి లేదు.

నాటువిత్తనం:
మేడమ్ గారు ఇంత వివరంగా చెప్పారు బానే ఉంది, ఒక్కటి అడుగుతా. ఇవన్నీ చివరికి కంపెనీ చేతిలోకే పోతాయి కదా? పత్తిలో చూశాం. 2002లో జీఎం పత్తి బీటీ వచ్చింది, ఇవాళ పత్తి విత్తనం ఇంట్లో దాచుకునే రైతు ఉన్నాడా మన జిల్లాల్లో? గులాబీ పురుగు తిరిగి రాలేదా? పైగా రెయిన్‌బోలో కనమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు కూడా ఉందట, అది కూడా మనం తినాలా? థాయ్‌లాండ్‌లో 2004లో ఖోన్ కేన్ పరిశోధనా కేంద్రం నుంచే జీఎం బొప్పాయి బయటి తోటల్లోకి పాకిందని గొడవైతే ప్రభుత్వమే చెట్లు నరికించింది. ఊరికే నరికిస్తారా?

హిలో_తెలుగోడు:
కంపెనీ మాట మటుకు ఇక్కడ వర్తించదండీ. దీన్ని చేసింది యూనివర్సిటీలు. వాడిన పద్ధతుల మీద పేటెంట్లు మోన్‌శాంటో, ఆస్‌గ్రో, కాంబియా, ఎంఐటీ అనే కంపెనీలు, సంస్థల దగ్గర ఉన్నాయి. బొప్పాయి రైతుల కమిటీయే వాళ్ళతో మాట్లాడుకుని లైసెన్సులు తెచ్చుకుంది. కానీ మీరన్న గొడవలు ఇక్కడా ఉన్నాయి, దాచడం దేనికి. 2010లో పూనాలో ఎవరో రాత్రికి రాత్రి వేల చెట్లు నరికేశారు. 2013లో మా కౌంటీ కొత్త జీఎం పంటలు వేయకూడదని చట్టం చేసింది, బొప్పాయికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మరుసటి ఏడాది కోర్టు ఆ చట్టం కొట్టేసిందనుకోండి. జపాన్‌కి పంపేవాళ్ళకి అయితే ఏళ్ళ తరబడి తలనొప్పి, అక్కడ అనుమతి వచ్చింది 2011 చివర్లో. యూరప్‌లో ఇప్పటికీ లేదు.

ఒక తమాషా చెప్పనా. జపాన్‌కి జీఎం కాని కపోహోనే కావాలి. ఆ మామూలు చెట్లు పూనాలో మళ్ళీ బతకడం మొదలైంది రెయిన్‌బో వచ్చాకే. చుట్టూ ఉన్న చెట్లలో వైరస్ లేకపోతే పేనుబంక ఎక్కడి నుంచి మోసుకొస్తుంది? ఆ తర్వాత 2018లో కిలవేయా అగ్నిపర్వతం పేలి కపోహో వైపు తోటలు చాలా లావా కింద పోయాయి. దానికి ఏ జన్యువూ లేదు మరి.

వైరాలజీ_అక్క:
నాటువిత్తనం గారూ, మీరడిగిన వాటిలో కనమైసిన్ జన్యువు ఉన్నమాట నిజమే, ఏ కణాల్లోకి జన్యువు ఎక్కిందో ఏరుకోవడానికి పెట్టారు. ఇవాళ కొత్తగా చేస్తే అది లేకుండా చేయవచ్చు, చేయాలి కూడా. తొడుగు ప్రోటీన్ సంగతికొస్తే, మీరు మార్కెట్లో కొనే మచ్చల బొప్పాయిలో అది రెయిన్‌బోలో కంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఆ కాయ నిండా వైరసే. మనం తరతరాలుగా తింటున్నాం. ఈ ప్రోటీన్‌లో ఆరు అమైనో ఆమ్లాల వరుస ఒకటి ఏలికపాములో ఉండే ఒక ప్రోటీన్‌తో కలిసిందని, అలర్జీ రావచ్చేమోనని 2002లో ఒక ప్రశ్న లేచింది. తర్వాత జీర్ణరసాలతో పరీక్షించి, అది చాలా త్వరగా కరిగిపోతుందని చూశారు. ప్రశ్న అడగడం తప్పు కాదు, అడిగారు, పరీక్షించారు.

గులాబీ పురుగు పోలిక మాత్రం ఒప్పుకోను. బీటీలో మొక్క విషపు ప్రోటీన్ తయారుచేసి పురుగుని చంపుతుంది. ఇక్కడ చంపడానికి పురుగూ లేదు, విషమూ లేదు. అయితే వైరస్ మారి తప్పించుకోదని కాదు. హవాయిలో పాతికేళ్ళు దాటినా రెయిన్‌బో నిలబడే ఉంది, అది దీవి, అక్కడి వైరస్‌లో తేడాలు తక్కువ, ఆ సౌకర్యం మనకి లేదు. మన దగ్గర చేస్తే ఒకే వైరస్ ముక్క పెట్టి ఊరుకుంటే మూడేళ్ళలో నవ్వులపాలవుతాం.

నాటువిత్తనం:
అదే నేనూ అంటున్నా మేడమ్. ఒక్క 55-1 లైను మీద ఒక రాష్ట్రం పంటంతా నిలబడటం బలమా బలహీనతా?

వైరాలజీ_అక్క:
బలహీనతే. ఈ మాటలో మీతో నాకు పేచీ లేదు.

అనంతపురం_కాపు:
పెద్దవాణ్ణి, ఫోన్‌లో టైపు చేయడం కష్టం, తప్పులుంటే సర్దుకోండి. వైరస్ అంటే మీకు బొప్పాయి గుర్తొస్తుంది, మాకు 2000వ సంవత్సరం గుర్తొస్తుంది. ఆ ఏడు ఖరీఫ్‌లో వేరుశనగ కాండం మాడిపోయి, చేలకి చేలు ఎండిపోయాయి. మా జిల్లాలో 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయని, 300 కోట్ల పైన నష్టమని తర్వాత లెక్క తేల్చారు. మొదట అది ఏం రోగమో ఎవరికీ తెలియలేదు, మొవ్వు కుళ్ళు అనుకున్నాం. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు చూసి ఇది వేరే వైరస్, టుబాకో స్ట్రీక్ అన్నారు. గట్ల మీద వయ్యారిభామ ఉంది చూడండి, దానిలో ఈ వైరస్ ఏ లక్షణమూ లేకుండా దాక్కుంటుందట. దాని పుప్పొడి తామర పురుగులకి అంటుకుని మా చేలకి వచ్చింది. కలుపు మొక్క మీద ఇంత కథ ఉందని మాకెవరు చెప్పారు. వేరుశనగకి ఇలాంటి జన్యువు పెట్టే పని జరుగుతుందని అప్పుడు పేపర్లో చదివాం. పాతికేళ్ళయింది, మా దాకా ఏదీ రాలేదు. అందుకని అమ్మా, హవాయి వాళ్ళకి ఆరేళ్ళలో ఎలా వచ్చింది, మాకెందుకు రాలేదు, అది చెప్పు.

వైరాలజీ_అక్క:
పెద్దాయనా, ఇది సూటి ప్రశ్న, దీనికి నేను కాస్త పొడుగ్గానే చెప్పాలి. ఇక్రిశాట్‌లో వేరుశనగకి క్లంప్ వైరస్ అనే ఇంకో వైరస్ తొడుగు జన్యువు పెట్టిన మొక్కలు నిజంగానే చేశారు. కానీ మన దేశంలో ఇవాల్టికీ చట్టబద్ధంగా రైతు చేతికి వచ్చిన జీఎం పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయ 2010లో ఆగిపోయింది. జీఎం ఆవాల రకం డీఎంహెచ్-11కి 2022లో జీఎం పంటలని చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ అనుమతిచ్చింది, అది సుప్రీంకోర్టుకి వెళ్ళి 2024లో ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులిచ్చారు. పొలం పరీక్ష చేయాలన్నా రాష్ట్రం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఇన్ని మెట్లు ఎక్కాలంటే ఏళ్ళూ డబ్బూ కావాలి. కంపెనీకి బొప్పాయి, వేరుశనగ మీద ఆసక్తి ఉండదు, వేరుశనగ విత్తనం రైతు తానే దాచుకుంటాడు కాబట్టి దానికి మిగిలేదేమీ లేదు. మిగిలింది ప్రభుత్వ సంస్థ. అక్కడ మనిషి పేపరు రాస్తే ప్రమోషన్ వస్తుంది, విత్తనం బయటికి తెస్తే కోర్టు కాగితాలు వస్తాయి. మరి ఏది చేస్తాడు? హవాయిలో 1992 ముందే మొక్క సిద్ధంగా ఉంది, రైతులు కమిటీ కట్టి వెంటబడ్డారు, అనుమతులు 1996, 97 కల్లా వచ్చేశాయి. నా దృష్టిలో అక్కడ గెలిచింది సైన్సు ఎంతో, రైతుల కమిటీ అంత.

ప్రభుత్వ సంస్థ చేయగలదు అనడానికి ఇంకో ఉదాహరణ బ్రెజిల్. అక్కడ చిక్కుడు జాతి గింజకి తెల్లదోమ మోసే గోల్డెన్ మొజాయిక్ వస్తుంది, మన మినుము, పెసరలో వచ్చే పల్లాకు తెగులుకి అది దాయాది. వాళ్ళ ప్రభుత్వ సంస్థ ఎంబ్రాపా సొంతంగా జీఎం రకం చేసి 2011లో అనుమతి తెచ్చుకుంది. పల్లాకుతో మనం ఏటా తిట్టుకుంటూనే ఉన్నాం.

డిగ్రీ_పిల్ల:
అక్కా, మరి జీన్ ఎడిటింగ్? 2025లో మన రాజేంద్రనగర్ వరి సంస్థ వాళ్ళు సాంబమసూరిని ఎడిట్ చేసి కమల అని విడుదల చేశారుగా. దానికి ఇన్ని మెట్లు లేవని క్లాసులో చెప్పారు.

వైరాలజీ_అక్క:
మంచి పాయింట్ పట్టావు. 2022 మార్చిలో కేంద్రం, బయటి జన్యువు మిగలకుండా ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేసిన మొక్కలకి జీఎం నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. కమలకి వైరస్‌తో సంబంధం లేదు, కానీ ఆ దారి మనకి పనికొస్తుంది. బొప్పాయి వైరస్ ఉన్న కుటుంబం, పోటీవైరస్‌లు, మొక్కలోని ఒక ప్రోటీన్‌ని వాడుకుంటే తప్ప పెరగలేవు. ఆ జన్యువు పేరు ఇఐఎఫ్4ఇ. 2016లో ఇజ్రాయెల్ వాళ్ళు దోసలో దాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో చెడగొడితే మొక్క బాగానే ఉంది, మూడు వైరస్‌లు ఆగాయి. వాటిలో ఒకటి మన రింగ్ స్పాట్ వైరస్ దోస రకమే. వరుస కలవాలన్న గొడవ కూడా ఇందులో లేదు. అయితే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే పని చేస్తుంది, హైబ్రిడ్ చేయాలంటే రెండు తల్లిదండ్రుల్లోనూ మార్చాలి. నన్నడిగితే మన కాలేజీలు పట్టుకోవలసింది దీన్నే.

నాటువిత్తనం:
దీనికి నేను గట్టిగా అడ్డు చెప్పను. కానీ మినహాయింపు ఇచ్చారు కదా అని పరీక్ష లేకుండా వదిలితే మళ్ళీ ఇక్కడికే వచ్చి మీతో పోట్లాడతా.

నర్సరీ_శీను:
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. రింగ్ స్పాట్ ఆగినా బొప్పాయికి ఆకుముడత వైరస్ వేరే ఉంది, అది తెల్లదోమ తెస్తుంది, అది పూర్తిగా వేరే జాతి. రేపు నిజంగా రింగ్ స్పాట్ రాని మొక్క వచ్చినా ముడత వస్తే రైతు నా నర్సరీకొచ్చి కాలర్ పట్టుకుంటాడు, "వైరస్ రాదన్నావుగా" అని. ఏ వైరస్‌కో పేరు పెట్టి రాయాలి సంచి మీద.

కోడూరు_తోట:
చాలా సంగతులు తెలిశాయి. విత్తనం తెప్పించే ఆలోచన మానేశా, మేనల్లుడికి కూడా చెప్పా. ఇప్పుడు తోటకి ఏం చేయమంటారు? పాత చెట్లు ఉంచాలా పీకాలా?

వైరాలజీ_అక్క:
మానేయడం మంచిదైంది, అనుమతి లేకుండా జీఎం విత్తనం తేవడం నేరం కూడా. పరిశోధనకైనా కేంద్ర ప్రభుత్వ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్ ద్వారానే తేవాలి.

మందు ఎందుకు పనిచేయలేదో ముందు చెప్తాను. పేనుబంక బొప్పాయి మీద కాపురం పెట్టదు. ఎగురుతూ వచ్చి, రుచి చూడటానికి క్షణాలపాటు ముక్కు గుచ్చి, వైరస్ అంటించి వెళ్ళిపోతుంది. మందు దాన్ని చంపేలోపే పని అయిపోతుంది. అందుకని డబ్బు మందు మీద పెట్టకండి. తోటలో చెట్లు చాలావరకు పట్టేసి ఉంటే ఉన్న కాయ కోసుకుని మొత్తం తీసేయడమే, అవి ఉంటే కొత్త తోటకి అక్కడి నుంచే వస్తుంది. కొత్తగా పెట్టేటప్పుడు నారు దోమ దూరని వలలో పెంచింది తీసుకోండి. నాటడానికి ముందే చుట్టూ జొన్నో మొక్కజొన్నో రెండు మూడు వరుసలు ఒత్తుగా వేయండి, పేనుబంక ముందు దాని మీద వాలి ముక్కు తుడుచుకుంటుంది. మొదటి నెలల్లో ఒక్క చెట్టుకి లక్షణం కనిపించినా అదే రోజు పీకేయండి, జాలిపడొద్దు. విత్తనం ద్వారా ఇది రాదు కాబట్టి విత్తనం మీద అనుమానం పెట్టుకోకండి. చుట్టుపక్కల దోస, గుమ్మడి, సొర లేకుండా చూసుకోండి.

కోడూరు_తోట:
అక్కడే వచ్చింది చిక్కు. పక్క చేను మా బాబాయిది, ఏటా దోస వేస్తాడు. నా బొప్పాయి కోసం దోస మానెయ్ అంటే ఇంట్లో గొడవ.

అనంతపురం_కాపు:
నీ బొప్పాయి కోసం అనకు నాయనా. నీ బొప్పాయి నుంచి ఆయన దోసకి వైరస్ వస్తుందని చెప్పు, అదీ నిజమేగా. ఆయనే మొక్కజొన్న వేసుకుంటాడు.

కోడూరు_తోట:
ఇది బావుంది పెద్దాయనా 😀 రేపు పొద్దున్నే వెళ్ళి మాట్లాడతా. శీను గారూ, వలలో పెంచిన నారు రేటెంతో మెసేజ్ పెట్టండి.